ప్రైమరీలో సంస్కరణవాదికి ఓటు: మద్దతు ప్రకటనలు చూడాలా, డబ్బు లెక్కలు చూడాలా?

నాషువాలో మా పోలింగ్ కేంద్రం ఒక స్కూలు జిమ్. బాస్కెట్‌బాల్ గీతల మీద మడత బల్లలు వేసి, ఇంటిపేర్ల మొదటి అక్షరాల వారీగా వరసలు పెడతారు. మాది 'వి' కాబట్టి ఎప్పుడూ చివరి బల్లే. అక్కడ కూర్చున్న పెద్దావిడ జాబితా మీద స్కేలు జరుపుకుంటూ పేరు వెతికి, గీత కొట్టేముందు ఒక ప్రశ్న అడుగుతుంది: "రిపబ్లికన్ బ్యాలెట్టా, డెమొక్రాటిక్ బ్యాలెట్టా?"

న్యూహ్యాంప్‌షైర్‌లో ఏ పార్టీ పేరూ రాయించుకోని ఓటరును అన్‌డిక్లేర్డ్ అంటారు. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువమంది వాళ్లే. అధ్యక్ష ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఓటర్ల చేత ఎంపిక చేయించే ఎన్నిక, జరిగే రోజున మాకు రెండు పార్టీల్లో ఏ బ్యాలెట్ కావాలంటే అది ఇస్తారు. ఒక్కటే ఇస్తారు. కాబట్టి మా ఎంపిక అభ్యర్థుల మధ్య మొదలవదు, పార్టీల మధ్యే మొదలవుతుంది.

ఈమధ్యే పౌరసత్వం వచ్చిన మనవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "ఫలానా గవర్నర్ ఆయనకి సపోర్ట్ ఇచ్చేశాడటగా, ఇక అయిపోయినట్టేనా?" రెండోది కాస్త ఆలోచించేవాళ్లు అడిగేది: "రాజకీయాల్లో డబ్బు పెత్తనం తగ్గాలి అనుకుంటే ఎవరికి వెయ్యాలి? అందరూ అదే మాట చెప్తున్నారు." ఈ రెండో ప్రశ్న కోసమే ఇది రాస్తున్నాను. మీకు ఇమిగ్రేషనో, పన్నులో, అబార్షనో ముఖ్యమైతే వాటి లెక్క వేరు. డబ్బు విషయమే మీ మొదటి గీటురాయి అయితే చదవండి.

ఒకే బ్యాలెట్, ఇద్దరు సంస్కర్తలు

ఈ చిక్కు అచ్చంగా ఎదురైన ప్రైమరీ 2000 ఫిబ్రవరి 1న జరిగింది. నాకప్పుడు ఓటు లేదు. హెచ్-1బీ మీద వచ్చి రెండో ఏడాది. మధ్యాహ్నం లంచ్ బల్ల దగ్గర నేను పులిహోర డబ్బా తీస్తుంటే, ఎదురుగా కూర్చునే సహోద్యోగి ముందు రోజు దాకా తేల్చుకోలేక జుట్టు పీక్కున్నాడు. అతను అన్‌డిక్లేర్డ్. అతనికి రిపబ్లికన్లలో జాన్ మెకెయిన్ నచ్చాడు, డెమొక్రాట్లలో బిల్ బ్రాడ్లీ నచ్చాడు. ఇద్దరూ నచ్చింది ఒకే కారణానికి: ఎన్నికల చందాల సంస్కరణ.

అప్పటి రంగం కొంచెం చెప్పాలి. వాటర్‌గేట్ తర్వాత 1974లో చేసిన చట్టం ప్రకారం ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి 1,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ చందాల పరిమితిని ఉంచి, అభ్యర్థుల ఖర్చు మీద ఉన్న పరిమితిని కొట్టేసింది. మన దేశంలో ఇది తిరగబడి ఉంటుంది: లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు దాటకూడదంటారు, పార్టీ ఖర్చుకు మాత్రం హద్దు లేదు. అక్కడైనా ఇక్కడైనా నీళ్లు పల్లం వెతుక్కున్నట్టే డబ్బూ దారి వెతుక్కుంది. అమెరికాలో దొరికిన దారి పేరు సాఫ్ట్ మనీ. అభ్యర్థికి కాకుండా పార్టీకి, "పార్టీ నిర్మాణం" అనే పద్దు కింద, కంపెనీలూ యూనియన్లూ ఎంతైనా ఇవ్వొచ్చు. మెకెయిన్, విస్కాన్సిన్ డెమొక్రాట్ సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్ కలిసి దాన్ని మూసేసే బిల్లును 1995 నుంచీ మోస్తున్నారు.

1995 జూన్‌లో ఇదే రాష్ట్రంలోని క్లేర్‌మాంట్ ఊళ్లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్, స్పీకర్ గింగ్రిచ్ జనం ముందు చేతులు కలిపి, సంస్కరణ కోసం కమిషన్ వేస్తామన్నారు. కమిషన్ రాలేదు. 1999 డిసెంబర్‌లో మెకెయిన్, బ్రాడ్లీ అదే ఊరికి వెళ్లి మళ్లీ చేతులు కలిపారు: మేమిద్దరం నామినీలమైతే సాఫ్ట్ మనీ ముట్టుకోం అని. వేర్వేరు పార్టీల అభ్యర్థులు ప్రైమరీ మధ్యలో ఒకే వేదిక ఎక్కడం అరుదు. ఆ సమయానికి ఇదే రాష్ట్రానికి చెందిన డోరిస్ హాడక్ అనే బామ్మ, అందరూ గ్రానీ డి అంటారు, ఇదే డిమాండ్‌తో కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్‌కి నడుస్తోంది. 1999 జనవరి 1న బయల్దేరి 2000 ఫిబ్రవరి 29న చేరింది. సుమారు 3,200 మైళ్లు. చేరేసరికి ఆమెకి 90 నిండాయి.

అవతలి పక్కన, మెకెయిన్‌కి పోటీగా నిలిచిన టెక్సస్ గవర్నర్ జార్జ్ బుష్‌కి 1999 మధ్యకల్లా మూడున్నర కోట్ల డాలర్లకు పైగా చేరాయి. లక్ష డాలర్లు పోగుచేసి పెట్టేవాళ్లకు "పయనీర్లు" అని బిరుదు. ఒక్కొక్కరు ఇవ్వగలిగింది వెయ్యే కదా, అందుకని వంద మంది చేత ఇప్పించడం. రిపబ్లికన్ గవర్నర్లు, సెనేటర్లు మూకుమ్మడిగా బుష్ వెంట నిలిచారు. మా రాష్ట్ర సెనేటర్ జడ్ గ్రెగ్ కూడా. డెమొక్రాట్ల వైపు బ్రాడ్లీ ప్రత్యర్థి, అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కి పెద్ద కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ అక్టోబర్‌లోనే మద్దతు ప్రకటించింది. మద్దతు ప్రకటనల జాబితాలే ఓట్లయితే రెండు వైపులా ఆట అప్పటికే ముగిసింది.

మా సహోద్యోగి చివరికి మెకెయిన్‌కి వేశాడు. అతనిలాగే ఇండిపెండెంట్లలో ఎక్కువమంది రిపబ్లికన్ బ్యాలెట్టే తీసుకున్నారు. మెకెయిన్ 49, బుష్ 30. పక్క బ్యాలెట్లో బ్రాడ్లీ నాలుగు శాతం తేడాతో గోర్ చేతిలో ఓడాడు. సంస్కరణ కోరే ఓట్లే ఒక సంస్కర్తని గెలిపించి ఇంకొకర్ని ముంచాయి. మార్చి 9న ఇద్దరూ ఒకే రోజు పోటీ నుంచి తప్పుకున్నారు.

ఇద్దరిలో ఎవరు మేలు?

ఇప్పుడు చల్లగా కూర్చుని పోల్చి చూద్దాం.

కాగితం మీద బ్రాడ్లీ ప్రణాళికే పెద్దది. సాఫ్ట్ మనీ నిషేధంతో ఆగకుండా, కాంగ్రెస్ ఎన్నికలకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలన్నాడు. మెకెయిన్‌ది అంతకన్నా ఇరుకు: ముందు ఆ కన్నం మూయండి, తర్వాత చూద్దాం. ఇద్దరూ చిన్న చందాలకు ప్రభుత్వం జత కలిపే సొమ్ము, అంటే మ్యాచింగ్ ఫండ్స్ తీసుకుని, దాంతో వచ్చే ఖర్చు పరిమితికి కట్టుబడ్డారు. బుష్ ఆ సొమ్ము వద్దని పరిమితి నుంచి తప్పించుకున్నాడు.

చేతుల శుభ్రత సంగతి చూస్తే మెకెయిన్‌కి మచ్చలున్నాయి. 1980లలో చార్లెస్ కీటింగ్ అనే బ్యాంకు యజమాని దగ్గరా, అతని చుట్టుపక్కల వాళ్ల దగ్గరా 1,12,000 డాలర్ల చందాలు తీసుకుని, అతని తరఫున నియంత్రణ అధికారులను కలిసిన అయిదుగురు సెనేటర్లలో ఆయనొకడు. తెలివితక్కువ పని చేశాడని సెనేట్ ఎథిక్స్ కమిటీ తప్పుపట్టింది. 2000 జనవరిలో, సరిగ్గా ప్రైమరీ వేడిలో, తనకు చందాలూ కంపెనీ విమానమూ ఇచ్చిన ప్యాక్సన్ అనే టీవీ సంస్థ ఫైలు త్వరగా తేల్చమని ప్రసార నియంత్రణ సంస్థకు ఉత్తరం రాసిన సంగతి బయటికొచ్చింది. ఆ సంస్థను చూసే సెనేట్ కమిటీకి ఛైర్మన్ ఆయనే. నన్నడిగితే ఈ మచ్చలు ఆయన వాదనకు బలమే ఇచ్చాయి, ఎందుకంటే ఆ వ్యవస్థ మనిషిని ఎలా వంచుతుందో చెప్పడానికి తననే ఉదాహరణగా చూపించుకునేవాడు. అందరూ ఇలా అనుకోనక్కర్లేదు.

మద్దతు ప్రకటనల వరసలో నాకు పనికొచ్చే సంగతి, ఎవరు మెకెయిన్‌ని ఎదిరించారన్నది. అబార్షన్ వ్యతిరేక సంస్థ నేషనల్ రైట్ టు లైఫ్ కమిటీ ఆయన మీద ప్రచారం చేసింది. అబార్షన్ ఓట్లలో ఆయన వాళ్లవైపే ఉండేవాడు. వాళ్ల కోపం ఆయన బిల్లు మీద: ఎన్నికల ముందు ఇలాంటి సంస్థలు వేసే ప్రకటనలకు అది కళ్లెం వేస్తుంది. ఒక మనిషి సంస్కరణ నిజమా కాదా అన్నది, దానివల్ల నష్టపోయేవాళ్లకి బాగా తెలుస్తుంది. మద్దతుదారుల జాబితా కన్నా శత్రువుల జాబితా నమ్మదగ్గది.

తెర వెనక డబ్బు ఎలా పనిచేస్తుందో కూడా ఆ ప్రైమరీలోనే కనిపించింది. మార్చి 7 పోటీలకు ముందు "రిపబ్లికన్స్ ఫర్ క్లీన్ ఎయిర్" అనే పేరుతో మెకెయిన్ పర్యావరణ రికార్డును తిడుతూ టీవీ ప్రకటనలు మొదలయ్యాయి. పేరు వింటే ఏదో పచ్చదనం ఉద్యమం అనుకుంటాం. తీరా చూస్తే టెక్సస్‌కి చెందిన, బుష్‌కి కావలసిన ఇద్దరు అన్నదమ్ములు, 25 లక్షల డాలర్లు. పదేళ్ల తర్వాత సూపర్ ప్యాక్‌లు, అంటే అభ్యర్థికి ఇవ్వకుండా బయటి నుంచే ఎంతైనా పోగుచేసి ఖర్చుపెట్టే సంస్థలు, చేయబోయే పనికి అది నమూనా.

ఇంతకీ ఎవరు మేలంటే, నా జవాబు మెకెయిన్. కారణం ప్రణాళికా కాదు, శుభ్రతా కాదు. ఓడిపోయాక ఎక్కడికి వెళ్లాడన్నది.

బ్రాడ్లీ 1997 జనవరికే సెనేట్ వదిలేశాడు. ఓడాక ఇంటికెళ్లాడు, ఆయన ప్రణాళిక కూడా ఆయనతోపాటే ఇల్లు చేరింది. మెకెయిన్ సెనేట్‌కి తిరిగొచ్చాడు, దేశమంతా గుర్తుపట్టే మనిషిగా, తన పార్టీ ఆపలేనంత పరపతితో. 2001 చివర, రాజకీయ చందాలు భారీగా ఇచ్చిన ఎన్రాన్ కంపెనీ కూలడం కలిసొచ్చింది. 2002 ఫిబ్రవరిలో దిగువ సభ 240-189తో, మార్చిలో సెనేట్ 60-40తో బిల్లు దాటించాయి. సంతకం పెట్టింది ఎవరో కాదు, జార్జ్ బుష్. ప్రైమరీలో గెలిచినవాడు, ఓడినవాడి చట్టం మీద సంతకం పెట్టాడు.

అందుకే ప్రైమరీలో సంస్కరణవాదిని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఈ మనిషి గెలవడం కష్టం, మనకు తెలుసు, మరి ఓడితే చేతిలో ఏం మిగులుతుంది? సీటుందా, కమిటీ ఉందా, సభలో కదులుతున్న బిల్లుందా? హార్వర్డ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ లారెన్స్ లెసిగ్ కథ దీనికి అవతలి చివర. 2014 జనవరిలో గడ్డకట్టే చలిలో రాష్ట్రం ఉత్తరాన డిక్స్‌విల్ నాచ్ నుంచి మా నాషువా దాకా జనాన్ని నడిపించాడు. 2015లో ఈ ఒక్క అంశం మీదే డెమొక్రాటిక్ నామినేషన్‌కి దిగి పది లక్షల డాలర్లు పోగు చేశాడు. డిబేట్ వేదిక మీదికి రానివ్వలేదు. నవంబర్‌కల్లా తప్పుకున్నాడు. విషయం ఆయనంత లోతుగా తెలిసినవాళ్లు పోటీలో ఇంకెవరూ లేరు. కానీ ఆయన తిరిగి వెళ్లింది క్లాస్‌రూమ్‌కి.

బెర్నీ శాండర్స్ దీనికి మెరుగైన ఉదాహరణ. 2016లో మా గవర్నర్, మా డెమొక్రాట్ సెనేటర్, పక్కనే ఆయన సొంత వెర్మాంట్ గవర్నర్ కూడా హిల్లరీ క్లింటన్‌కే మద్దతిచ్చారు. సగటున 27 డాలర్ల చందాలతో నడిచిన శాండర్స్ ఇక్కడ 60-38తో గెలిచాడు. నామినేషన్ పోయింది. కానీ ఆ ఓట్ల బలంతోనే 2018 ఆగస్టులో పార్టీ తన సూపర్‌డెలిగేట్ల నిబంధన మార్చుకుంది. సూపర్‌డెలిగేట్లంటే ఓటు హక్కు కూడా ఉన్న మద్దతు ప్రకటనలనుకోండి: నామినీని తేల్చే పార్టీ మహాసభలో ఓటేసే ప్రతినిధులు డెలిగేట్లు, పార్టీ పెద్దలు తమకు నచ్చినవాళ్లకు సొంతంగా డెలిగేట్ ఓటు వేయగలిగేవాళ్లు. ఇప్పుడు, ముందే తేలిపోయిన పోటీల్లో తప్ప, మొదటి రౌండులో వాళ్లకు ఓటు లేదు.

మద్దతు ప్రకటనల్లో ఏది బియ్యం, ఏది పొట్టు

చాలావరకు పొట్టే. 2016లో జెబ్ బుష్‌కి పార్టీ పెద్దల దీవెనలున్నాయి, పది కోట్ల డాలర్లు దాటిన సూపర్ ప్యాక్ ఉంది. మిగిలింది నలుగురు డెలిగేట్లు. 2003 డిసెంబర్‌లో గోర్ అంతటివాడు హోవార్డ్ డీన్‌కి మద్దతిస్తే, నెలన్నర తిరక్కుండా అయోవాలో డీన్ మూడో స్థానానికి పడిపోయాడు. మా రాష్ట్రంలో 2024లో అప్పటి గవర్నర్ క్రిస్ సునును నికీ హేలీతో ఊరూరూ తిరిగాడు, కోక్ కుటుంబం నడిపే సంస్థ కూడా ఆమె వెనక నిలిచింది. జనవరి 23న ట్రంప్ 54-43తో గెలిచాడు. మా రాష్ట్రంలో పెద్ద పేపర్ యూనియన్ లీడర్ 2000లో స్టీవ్ ఫోర్బ్స్‌ని బలపరిచింది. ఫోర్బ్స్ మూడో స్థానంలో ఉండిపోయాడు.

గింజ ఉన్నది ఒకటి చెప్తాను. 2020 ఫిబ్రవరి 26న సౌత్ కరోలినాలో అక్కడి నల్లజాతి నేత, దిగువ సభ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు ప్రకటించాడు. అప్పటికి బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, ఇక్కడ అయిదో స్థానం, ఖజానా అడుగంటింది. మూడు రోజుల్లో సౌత్ కరోలినా గెలిచాడు. బూటిజెజ్, క్లోబుచర్ తప్పుకుని ఆయన వెనక నిలిచారు. మార్చి 3న, ప్రకటనలకు పెద్దగా ఖర్చు పెట్టని రాష్ట్రాల్లో కూడా గెలిచాడు. అదే రోజున, మొత్తం ప్రచారానికి సొంత జేబులోంచి వంద కోట్ల డాలర్ల మేర కుమ్మరించిన మైకేల్ బ్లూమ్‌బర్గ్‌కి దక్కిన విజయం అమెరికన్ సమోవా ఒక్కటే. నల్లజాతి ఓటర్ల దగ్గర దశాబ్దాలుగా సంపాదించుకున్న మాటకు, కొనుక్కున్న టీవీ నిమిషాలకు తేడా ఆ వారంలో తెలిసింది.

కాబట్టి మద్దతు ప్రకటన చూసినప్పుడు నేను అడిగేది ఒకటే: దీనివల్ల ఇచ్చినవాడికి ఏమైనా పోతుందా? గెలిచే గుర్రం వెనక పరిగెత్తే గవర్నర్‌కి పోయేదేం లేదు, క్యాబినెట్ పదవి వస్తే రావచ్చు. ఓడిపోయే అవకాశమున్నవాడి వెనక, తన పార్టీ పెద్దల్ని కాదని నిలబడే సెనేటర్ మాట వేరు. సంస్కరణ విషయంలో మీకు గురి ఉన్న సంస్థల మాట కోసం చూస్తున్నారా? అలాంటివాటిలో పాతదైన కామన్ కాజ్ అభ్యర్థులకు మద్దతు ప్రకటించదు. వాళ్ల దగ్గర దొరికేది విశ్లేషణే, సిఫార్సు కాదు.

ఇక మన సంగతి. ఒక సంక్రాంతి సంబరాల్లో, అరిసెల పళ్లెం చేతిలో ఉండగా, వేదిక మీద ఒక పెద్దాయన మైకు తీసుకుని "మన తెలుగు కమ్యూనిటీ అంతా ఫలానావారి వెంటే" అని ప్రకటించేశాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఫొటోల్లో ఆయన, ఆ అభ్యర్థి మనిషి, ఇద్దరి మధ్య శాలువా. 501(సి)(3) అనే పన్ను మినహాయింపు హోదా ఉన్న సాంస్కృతిక సంఘం అభ్యర్థులకు మద్దతు ప్రకటించకూడదు. 1954 నుంచీ ఉన్న నిబంధన అది. వ్యక్తిగా ఆయన ఎవరికైనా ఇవ్వొచ్చు, సంఘం పేరు మీద కుదరదు. ఇలాంటి ప్రకటనకు మీ నిర్ణయంలో సున్నా మార్కులు వేయండి.

ఒట్టు ఎప్పుడు గట్టున పెట్టారు?

"నేను కార్పొరేట్ ప్యాక్‌ల డబ్బు తీసుకోను" అన్నది ఇప్పుడు అందరూ చెప్పే మాట. చవకైన ఒట్టు. ప్యాక్ అంటే చందాలు పోగుచేసి అభ్యర్థులకు ఇచ్చే కమిటీ. అది ఒక అభ్యర్థికి ఇవ్వగలిగింది ఎన్నికకు 5,000 డాలర్లు, అధ్యక్ష ప్రైమరీల్లో అవి ఇచ్చేదీ తక్కువే. వదులుకున్నది చిల్లర. ఖరీదైన ఒట్లు మూడు: పెద్ద దాతల ఇళ్లలో విందులకు వెళ్లను, చందాలు పోగుచేసే బండ్లర్ల పేర్లు బయటపెడతాను, నాకోసం సూపర్ ప్యాక్ పెట్టొద్దు.

బండ్లర్లలో లాబీయిస్టుల పేర్లు మాత్రమే చట్టప్రకారం చెప్పాలి, మిగతావాళ్లవి అభ్యర్థి ఇష్టం. అందుకే అది మంచి పరీక్ష.

సూపర్ ప్యాక్ ఒట్టు కాలం గడిచేకొద్దీ కరుగుతుంది. 2020 పోటీలో బైడెన్ మొదట వద్దన్నాడు. 2019 అక్టోబర్‌లో చేతిలో డబ్బు తగ్గాక అడ్డు చెప్పడం మానేశాడు. ఎలిజబెత్ వారెన్ మిగతావాళ్ల కన్నా గట్టిగా నిలబడింది, ప్రైమరీలో పెద్ద దాతల విందులే మానేసింది. 2020 ఫిబ్రవరిలో ఆమె కోసం ఒక సూపర్ ప్యాక్ పుట్టింది. అందరూ మానితే నేనూ మానిపిస్తానంది. ఆ సొమ్ములో అత్యధిక భాగం ఒక్క దాతదే అని ఓటర్లకు తెలిసింది ఆమె పోటీ నుంచి తప్పుకున్నాక. ఒబామా 2008 జూన్‌లో సార్వత్రిక ఎన్నికకు ప్రభుత్వ సొమ్ము వద్దన్నాడు, అంతకుముందు తీసుకుంటానన్న మాట పక్కన పెట్టి. ఒట్టు తీసి గట్టున పెట్టడం మనకు కొత్తేం కాదు. చూడాల్సింది, ఎంత ఒత్తిడి దాకా ఆగారన్నది. డబ్బు పుష్కలంగా ఉన్నప్పుడు నిలబెట్టుకున్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను.

డబ్బు లెక్కలు చాలావరకు ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. 200 డాలర్లు దాటితే దాత పేరు, ఊరు, ఉద్యోగం కనిపిస్తాయి. నేను ఒకసారి మా జిప్ కోడ్ కొట్టి చూశాను: పేజీ తర్వాత పేజీ "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్", "హోమ్‌మేకర్", మళ్లీ "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్". పటేళ్ల పక్కన రెడ్లు, రావులు. అభ్యర్థి పేజీలో రెండు అంకెలు చూడండి: 200 లోపు చందాల మొత్తం ఎంత, బయటి సంస్థలు ఆయన కోసం పెట్టిన ఖర్చెంత. మొదటిది చిన్నదై రెండోది కొండంత ఉంటే, ఉపన్యాసంలో ఏం చెప్పినా వినక్కర్లేదు.

వాళ్లిచ్చే హామీల్లో ఏది జరిగేది?

రాజ్యాంగ సవరణ తెస్తామనే హామీ వినడానికి ఘనంగా ఉంటుంది. 2010 జనవరిలో సిటిజెన్స్ యునైటెడ్ కేసులో 5-4 తీర్పుతో కంపెనీల, యూనియన్ల ఖర్చుకు గేట్లు తెరుచుకున్నాయి. ఆ వివాదం కూడా ఒక ప్రైమరీలో పుట్టిందే: 2008లో హిల్లరీ క్లింటన్ మీద తీసిన ఒక సినిమాను ప్రైమరీకి 30 రోజుల లోపు చూపించొచ్చా అన్నది తగువు. మెకెయిన్ చట్టమే వద్దంది, కోర్టు ఆ చట్టంలోని ఆ ముక్కను కొట్టేసింది. దాన్ని తిరగేసే సవరణకు రెండు సభల్లో మూడింట రెండొంతులు, పైన 38 రాష్ట్రాలు కావాలి. అధ్యక్షుడి సంతకంతో పనే లేదు. కాబట్టి అధ్యక్ష అభ్యర్థికి ఇది ఖర్చులేని వాగ్దానం. అదొక్కటే చెప్పేవాళ్లని నేను పక్కన పెట్టేస్తాను.

దాతల పేర్లు బయటపెట్టే చట్టం 2010 సెప్టెంబర్‌లో సెనేట్‌లో 59-39 దగ్గర ఒక్క ఓటుతో ఆగింది. మనకు 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు కొట్టేశాక ఎవరు ఎవరికెంత ఇచ్చారో బయటపడినట్టు, ఇక్కడ దాతల పేర్లు తెలియని డబ్బు, అంటే డార్క్ మనీ మీద అలాంటి వెలుగు ఇంకా పడలేదు. ఇది అందనంత దూరంలో ఉన్న హామీ కాదు.

నాకు మనసైనది చిన్న చందాలకు ప్రభుత్వం జత కలపడం. అధ్యక్ష ప్రైమరీలకు ఆ పద్ధతి 1976 నుంచీ ఉంది: ఒక్కో దాత ఇచ్చినదాంట్లో మొదటి 250 డాలర్లకు ప్రభుత్వం సమానంగా ఇస్తుంది. ఆ సొమ్ము వచ్చేది మన 1040 పన్ను ఫారం మీద 3 డాలర్ల గడి నుంచి. టిక్ పెడితే మీ పన్ను పెరగదు, రిఫండ్ తగ్గదు. అయినా నూటికి ఓ నలుగురు కూడా పెట్టరు. దాంతో వచ్చే ఖర్చు పరిమితి ఈ రోజుల్లో ఉరితాడు కాబట్టి పెద్ద అభ్యర్థులెవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. 2016లో మార్టిన్ ఓమాలీ తీసుకున్నాడు, అదీ ప్రచారం కొన ఊపిరితో ఉన్నప్పుడు.

న్యూయార్క్ నగరంలో ఇదే పద్ధతి ఇంకా బతికుంది, ఒకటికి ఎనిమిది లెక్కన: స్థానికుడు 10 డాలర్లిస్తే అభ్యర్థికి 90 అవుతాయి. దొంగ దాతల బెడదా ఉంది. 2024 డిసెంబర్‌లో అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్‌కి ఆ సొమ్ము ఇవ్వబోమని నగర బోర్డు చెప్పింది. సియాటిల్‌ది ఇంకో దారి. 2017 నుంచి ఒక్కొక్కరికీ 25 డాలర్ల వోచర్లు నాలుగు ఇస్తారు, నచ్చిన నగర అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. గ్రీన్‌కార్డ్ వాళ్లకూ అర్హత ఉంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉండే మనవాళ్లు అడగొద్దు, సియాటిల్ నగరంలో ఉంటేనే. జేబులో రూపాయి లేనివాడు కూడా దాత కాగలిగిన పద్ధతి నాకు తెలిసి ఇక్కడ ఇదొక్కటే.

అభ్యర్థి ఓటర్లతో పెట్టే టౌన్‌హాల్ సభలో మైకు మీ చేతికొస్తే ఇలా అడగండి: "ఎన్నికల కమిషన్‌కి ఎవర్ని నామినేట్ చేస్తారు?" ఆరుగురు సభ్యులు, ఒక పార్టీ నుంచి ముగ్గురికి మించకూడదు, ఏ పని జరగాలన్నా నాలుగు ఓట్లు కావాలి. 2020 ప్రైమరీలు ముమ్మరంగా నడిచిన నెలల్లో ఆ కమిషన్‌కి కోరం లేదు. ఆట జరుగుతోంది, అంపైర్ లేడు. ఇది పూర్తిగా అధ్యక్షుడి చేతిలో మొదలయ్యే పని. నేను ఒకసారి అడిగాను. ఆ అభ్యర్థి రెండు నిమిషాలు రాజ్యాంగ సవరణ గురించి మాట్లాడాడు.

మీరు చందా ఇస్తే

హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డ్ వాళ్లు ఇవ్వొచ్చు, ఓటు వేయలేరు. పరిమితి 2025-26లో ఎన్నికకు 3,500 డాలర్లు. "నేను డబ్బిస్తాను, నీ పేరు మీద రాయి" అని ఎంత దగ్గరి బావమరిది అడిగినా ఒప్పుకోవద్దు. 1996లో లాస్ ఏంజిలస్ దగ్గర ఒక బౌద్ధ ఆలయంలో గోర్ పాల్గొన్న కార్యక్రమం జీవితాంతం ఆయన్ని వెంటాడింది అందుకే: సన్యాసినుల పేర్ల మీద చందాలు రాసి, డబ్బు ఆలయం తిరిగి ఇచ్చింది. గుడి, విందు, శాలువా, చెక్కు అన్నీ ఒకేచోట కనిపిస్తే చెక్కు బుక్ ఇంట్లో మరిచిపోయానని చెప్పండి.

మళ్లీ మా జిమ్‌కి వస్తే, అన్‌డిక్లేర్డ్‌గా వచ్చి ఒక బ్యాలెట్ తీసుకున్న క్షణం మీరు ఆ పార్టీ సభ్యులుగా నమోదైపోతారు. బయటికి వెళ్లే దారిలో ఇంకో చిన్న బల్ల ఉంటుంది. అక్కడ కార్డు మీద సంతకం పెడితే మళ్లీ అన్‌డిక్లేర్డ్. ఒకసారి మంచు మొదలైందన్న కంగారులో మా ఆవిడ ఆ బల్ల దాటుకుని కారెక్కేసింది. తర్వాత నాలుగేళ్లు ఆ పార్టీవాళ్ల చందా ఉత్తరాలతో మా పోస్ట్‌బాక్స్ మూత పడేది కాదు.